మా క్యాంపు వంటగదికి వచ్చిన అమెరికా చరిత్ర

గల్ఫ్‌లో కొత్తగా హెచ్‌ఆర్ ఉద్యోగాల్లో చేరిన తెలుగు పిల్లలు అప్పుడప్పుడు ఖతార్‌లోని అల్ వుకైర్‌లో, ఇప్పుడు నేనుంటున్న మా అమ్మాయి ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "అంకుల్, మీ అనుభవంలోంచి మాకు ఒక్క మాట చెప్పండి" అని అడుగుతారు. నాకు ఒక్క మాటతో ఆగడం ఏనాడూ చేతకాలేదు. అయినా పిల్లలు అడిగారు కదా అని, "కూలీలతో మీటింగ్ పెట్టాలంటే ముందు ఆ పూట పొయ్యి దగ్గర ఎవరున్నారో కనుక్కోండి" అంటాను. వాళ్ళు మర్యాదకు నవ్వి ఇంకో బిస్కెట్ తీసుకుంటారు. టీ చల్లారేలోపు చెప్పలేని మిగతా కథ ఇక్కడ రాస్తున్నాను.

నేను వెల్ఫేర్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. వచ్చింది మాత్రం టైమ్ కీపర్‌గా. తెలుగు, హిందీ, ఇంగ్లిష్, కాస్త బజారు అరబ్బీ వచ్చునని తెలిశాక కంపెనీ నన్ను పైకి లేపి, తనకూ కూలీలకూ మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టింది. కష్టమైన పనేం కాదు. కంపెనీ మాటను కూలీలకు మెత్తగా చెప్పాలి, కూలీల మాటను కంపెనీకి ఇంకా మెత్తగా చెప్పాలి. అంత మెత్తబడ్డాక అసలు మాటలో ఏమీ మిగలదు కాబట్టి ఎవరికీ కోపం రాదు. అలా చాలా ఏళ్ళపాటు రెండు వైపులా మంచివాడనిపించుకున్నాను.

మా క్యాంపు అల్ ఖోర్ పక్కన. అక్కడి నుంచి బస్సులు మనుషుల్ని రాస్ లఫాన్‌లోని పని సైటుకు తీసుకెళ్ళి సాయంత్రానికి తెచ్చి దింపేవి. చిన్న క్యాంపే. కొంతమంది నేపాలీలు, మిగతా చాలావరకు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు మనవాళ్ళు. ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఫోన్‌లో "దుబాయ్‌ల ఎండలెట్లున్నయ్?" అనే అడిగేవారు. క్యాంపు చివర ఒక పెద్ద వంటహాలు ఉండేది. వరసగా గ్యాస్ పొయ్యిలు, గదికొక జట్టు, ఎవరి వంట వారిది. బస్సు దిగి స్నానం చేసిన మనిషి నేరుగా అక్కడికే వచ్చేవాడు. పొద్దంతా ఫోర్‌మన్ కేకలు విన్న నోళ్ళు అక్కడ మాత్రం తెరుచుకునేవి.

ఆ హాలుకు కంపెనీ రాయని కొన్ని నియమాలుండేవి. రోజుకొక గదికి వంతు వచ్చేది. ఆ రోజు ఆ గది జట్టుకు వండేవాడే హాలుకంతటికీ పెద్ద. ఎవరు ఏ పొయ్యి వాడాలో అతనే చెప్పాలి, తగవు వస్తే అతనే తీర్చాలి, చివరికి గ్యాస్ కట్టేసేది కూడా అతనే. అతను వండినదాంట్లోంచి హాల్లో ఉన్న ప్రతివాడూ ఒక ముద్ద తినాలి, తిని వంక పెట్టకూడదు. ఉప్పెక్కువైందనో కారం తక్కువైందనో ఎవడైనా నోరు జారాడో, మరుసటి రోజు వంతు వాడిదే. అందుకే మా హాల్లో మాడిన పప్పును కూడా మెచ్చుకుంటూ తినేవారు.

ఇలా ఉండగా కంపెనీకి కూలీల కమిటీ అవసరమైంది. కూలీలకు ఎప్పటినుంచో అవసరమే, కానీ అది లెక్కలోకి రాదు. ప్రాజెక్టు ఇచ్చిన పెద్ద కంపెనీ, కూలీల ప్రతినిధితో మాట్లాడకుండా క్యాంపులో ఏ మార్పూ చేయరాదని షరతు పెట్టింది. మా హెచ్‌ఆర్ మేనేజర్ కృష్ణా జిల్లా మనిషి. చలవచేసిన చొక్కా, నోరు తెరిస్తే "అండీ". ఆయన ఒక్క వారంలో ఎన్నిక పెట్టించేశారు. ఒక క్రేన్ ఆపరేటర్ గెలిచాడు. మాట పొందిక, గుండె ధైర్యం రెండూ ఉన్నవాడు. మేనేజర్ అతనికి ఒక్క మంచం ఉండే గది ఇప్పించారు. మీటింగులో సాసర్ మీద కప్పు పెట్టి టీ ఇప్పించారు, మెడలో కొత్త బ్యాడ్జి వేయించారు. రెండు మీటింగులు గడిచేసరికి మా క్రేన్ ఆపరేటర్ కంపెనీని "మనం" అనడం మొదలుపెట్టాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వంటహాలు మూసేసి, కేటరింగ్ వాళ్ళతో మెస్ పెట్టించాలని కంపెనీ నిర్ణయం. అగ్ని ప్రమాదమట, శుభ్రత లేదట, ఈ రోజుల్లో ఎవరు వండుకుంటారట. మీటింగులో మేనేజర్ చెబుతుంటే క్రేన్ ఆపరేటర్ తల ఊపాడు. నేనూ ఊపాను, నా ఉద్యోగం అది.

ఈ వార్త విని నిజంగా బెదిరిపోయిన మనిషి ఒకడున్నాడు. జగిత్యాల దగ్గరి ఊరివాడు, సైటులో రాడ్ బెండింగ్ పని. వయసులో నాకంటే చిన్నే, అయినా హాలంతా పిలిచినట్టు నేనూ అన్న అనేవాణ్ణి. అతనికి షుగర్ ఉంది. నజ్మా అనే పేటలో ఒక కొట్లో జొన్నపిండి దొరుకుతుందని తెలుసుకుని, శుక్రవారం శుక్రవారం వెళ్ళి తెచ్చుకుని, రొట్టెలు చేసుకు తింటూ దాన్ని అదుపులో పెట్టుకున్నాడు. మెస్ వస్తే మూడు పూటలా తెల్లన్నం, పరాటా. ఆపైన కంపెనీ మెడికల్‌లో షుగర్ ఎక్కువ చూపిస్తే అన్‌ఫిట్ రాసి విమానం ఎక్కిస్తారు. అతని కొడుకు చదువు ఇంకా సగంలోనే ఉంది.

"పోవుడు ఎప్పటికైనా పోవుడే సారూ" అన్నాడొకరోజు పిండి తడుపుతూ. "గని పనికిరాడన్న ముద్ర ఏపిచ్చుకొని పోను. నాకు నేనై పోత."

ఆ మాటను పైకి చేర్చేటప్పుడు నేను, "కొందరికి ఆహారపు అలవాట్ల విషయంలో చిన్న ఆందోళన ఉంది" అని చేర్చాను. మెత్తబరచడం అంటే ఇదే.

హాల్లో గొణుగుడు పెరిగింది. దాన్ని చల్లార్చడానికి కంపెనీ ఒక సలహాదారుణ్ణి రప్పించింది. అమెరికా మనిషి, పెద్ద వయసు, ఎండకు ఎర్రబడ్డ ముఖం. సమ్మె మాట మానేసి కమిటీలో కూర్చోవడం ఎంత గొప్పదో ఆయన చరిత్రతో సహా చెబుతారట. మేనేజర్ నన్ను పక్కకు పిలిచి, "ఏవండీ, మీరు అంతా అనువదించక్కర్లేదు. సారాంశం చెప్పేయండి, చాలు" అన్నారు. కానీ నాకు మైకు చూస్తే సారాంశం గుర్తుండదు. నా జీవితంలో మొదటిసారి, ఎవరో చెప్పింది చెప్పినట్టుగా, మెత్తబరచకుండా అనువదించాను. చరిత్రే కదా, ఎవరికి ఏం నష్టమనుకున్నాను.

ఆయన తెర మీద ఒక పాత ఫొటో వేశారు. నూరేళ్ళ కిందటి బొగ్గుగని ఊరు. ఒకే రకం ఇళ్ళు వరసగా. ఇళ్ళు కంపెనీవి, కొట్టు కంపెనీది, కాపలావాళ్ళు కంపెనీ వాళ్ళు. జీతం బదులు ఆ కొట్లో మాత్రమే చెల్లే బిళ్ళలు ఇచ్చేవారట. నేను ఇదంతా చెప్పడం పూర్తయిందో లేదో, వెనక వరసలోంచి మా ఎలక్ట్రీషియన్, హైదరాబాద్ మనిషి, లేచి నిలబడ్డాడు.

"సాబ్, యే తో అప్నా క్యాంప్ హై. ఫొటో బ్లాక్ అండ్ వైట్ల తీసిండ్రు, గంతే ఫరక్."

అందరూ నవ్వారు. అమెరికా ఆయన కూడా నవ్వారు, నేను అనువదించాక. తర్వాత ఆయన సమ్మెల గురించి చెప్పారు. అక్కడి పనివాళ్ళు రోజును మూడు భాగాలు చేసి, ఒకటి పనికి, ఒకటి నిద్రకు, మూడోది మా సొంతానికి అని ఏళ్ళ తరబడి కొట్లాడారని చెప్పారు. ఆపైన తుపాకులు పేలాయని ఒక్క ముక్కలో ముగించి, గబగబా తర్వాతి ఫొటోకు వెళ్ళారు. అందులో ఒక గని యజమాని, కొందరు కార్మికులు చేతులు కలుపుతున్నారు. యజమానే కమిటీ పెట్టాడట, అందరూ సుఖంగా ఉన్నారట.

ముందు వరసలో కూర్చున్న అన్న చెయ్యెత్తాడు. "గా తుపాకులకు, గీ చేతులు కలుపుడుకు నడుమ ఏమైంది?"

అనువదించాను. ఆయన మంచినీళ్ళు తాగారు. మేనేజర్ లేచి, టైమ్ అయిపోయిందండీ, బయట సమోసాలున్నాయండీ అన్నారు.

ఆ సాయంత్రం వంటహాల్లో అదే చర్చ. క్రేన్ ఆపరేటర్ ఒక్క మంచం గదిలోంచి బయటికి రాలేదు. ఎలక్ట్రీషియనే దారి చూపించాడు. "ఒక్కణ్ణే పెడితే ఆల్లు చాయ్ తాపి పటాయిస్తరు. వంతు ఎవలదో మెంబర్ గూడ గాళ్ళే. రోజుకొకణ్ణి ఎంతమందిని పటాయిస్తరు భాయ్?"

మరునాడు ఈ మాట మేనేజర్‌కు చెబుతూ, తిడతారేమోనని ముందే మెత్తబరిచాను. ఆయన తిట్టలేదు, సంబరపడ్డారు. "భలేవారండీ! రోజుకొకడంటే ఇంకా మంచిది. క్రితం మీటింగులో ఏం జరిగిందో ఎవడికీ గుర్తుండదు. ఒప్పేసుకోండి." కమిటీ నియమాల్లో ప్రతినిధిని కూలీలు ఎన్నుకోవాలని ఉంది కానీ ఎంతకాలానికో లేదు. అలా మా క్యాంపులో వంతు మనిషే ప్రతినిధి అయ్యాడు. క్రేన్ ఆపరేటర్‌ను మళ్ళీ ఆరు మంచాల గదికి పంపారు.

వంటహాలు మూసివేతకు ఆమోదం తెలపాల్సిన మీటింగు రోజు వచ్చింది. మేనేజర్ దాన్ని కావాలనే సాయంత్రం, వంట వేళకు పెట్టించారు. వచ్చినవాడు పొయ్యి మీద ధ్యాసతో త్వరగా సరే అనేసి వెళ్ళిపోతాడని ఆయన లెక్క. ఏసీ గదిలో ఆయన, మీటింగు సక్రమంగా జరిగిందని ప్రాజెక్టు ఇచ్చిన కంపెనీకి రాసివ్వాల్సిన అమెరికా ఆయన, నేను కూర్చున్నాం. ప్రతినిధి జాడ లేదు.

"ఏవండీ, మీ వాడు ఏడండీ? వెళ్ళి పట్టుకురండి."

వెళ్ళాను. ఆ రోజు వంతు మా అన్నది. ముందు పెనం, మోచేతుల దాకా జొన్నపిండి.

"మీటింగుల గూసుంటే రొట్టె మాడుతది సారూ" అన్నాడు తల ఎత్తకుండానే. "వంతు మనిషి పొయ్యి ఇడ్సి పోవద్దు. గాళ్ళనే ఇటు రమ్మనుండ్రి."

మెత్తబరచడానికి ఆ మాటలో నాకు చోటు దొరకలేదు. ఉన్నదున్నట్టు వెళ్ళి చెప్పాను. మేనేజర్ ముఖం మాడిపోయింది. అమెరికా ఆయన మాత్రం కాగితాలు అక్కడే వదిలేసి లేచి నిలబడ్డారు.

మేము అడుగుపెట్టేసరికి ఎవరో ఎండుమిర్చి వేయిస్తున్నారు. ఆ ఘాటుకు అమెరికా ఆయన కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. మేనేజర్ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. బోర్లించిన రెండు బకెట్లు తెచ్చి వాళ్ళను కూర్చోబెట్టారు. ఎలక్ట్రీషియన్ సాసర్ మీద కప్పు పెట్టి టీ అందించాడు. ఆ సాసర్ ఎక్కడిదో నేను అడగలేదు.

మేనేజర్ మొదలుపెట్టారు. "ఇదిగో చూడండీ, ఇంత పొగ, ఇంత మంట. ఎప్పుడైనా ప్రమాదమే కదండీ?"

"మంట అంటుకుంటదంటే ఫైర్ సిలిండర్ పెట్టాలె సాబ్" అన్నాడు ఎలక్ట్రీషియన్. "ఇక్కడి సిలిండర్ మీ ఆఫీస్ బయట పూలకుండీ బాజుకున్నది."

"సరే, అదలా ఉంచండి. మీ పాత ప్రతినిధి క్రితం మీటింగులోనే ఒప్పుకున్నాడు."

మూల కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్న క్రేన్ ఆపరేటర్ తలెత్తాడు. "నేను ఒప్పుకోలే సార్. తలకాయ ఊపిన. ఏసీల గూసుంటే మెడ పట్టేసింది."

హాలంతా నవ్వులు. అవి ఆగాక, నువ్వు ఏమంటావని అమెరికా ఆయన నా ద్వారా అన్నను అడిగారు. అన్న రొట్టె తిప్పి, చెయ్యి తుడుచుకుని, ఆయన వైపు తిరిగాడు.

"నాకు షుగరున్నది. గీ రొట్టె తిని నిలవడ్డ. మెస్సుల అన్నం తింటే రేపు మెడికల్ల ఫెయిలైత, ఇంటికి తోల్తరు. అది నా ముచ్చట. ఇగ అందరి ముచ్చట ఇనుండ్రి. మీ దిక్కోళ్ళు దినాన్ని మూడు పాళ్ళు జేసిండ్రంటిరి. పని పాలు మీకే ఇస్తున్నం. నిద్ర పాలు మీ మంచాల మీదనే పంటున్నం. ఇగ మాదని మిగిలింది గీ పొయ్యి కాడి జరంత సేపే. గిది గూడ మీరే తీస్కుంటే మా పాలు ఏది?"

ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లిష్‌లో చెప్పాను. అమెరికా ఆయన కళ్ళు తుడుచుకున్నారు, అది మిర్చి వల్లేనని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఆలోగా రొట్టెలయ్యాయి. హాల్లో ఉన్న ప్రతివాడూ ఒక ముద్ద తినాలి కదా, అతిథులకూ ఒక్కో ముక్క వెల్లుల్లి కారంతో పెట్టారు. అమెరికా ఆయన దగ్గుతూనే తిన్నారు. మేనేజర్ నమిలారు, ఆలోచించారు, ఇంకాస్త నమిలారు. ఏళ్ళుగా హోటల్ భోజనం తింటున్న కృష్ణా జిల్లా నాలుక ఉన్నట్టుండి మేల్కొంది.

"కారం సరిపోలేదండీ" అన్నారు.

ఎక్కడి గరిటెలు అక్కడే ఆగిపోయాయి. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఎలక్ట్రీషియన్ రెండు చేతులూ పైకెత్తి, "వంక వెట్టిండ్రు! రేపటి వంతు మేనేజర్ సాబ్‌ది!" అని అరిచాడు. చప్పట్లు మొదలయ్యాయి. నేను నియమం వివరించాను. వంక పెట్టినవాడిది మర్నాటి వంతు. వంతు ఎవరిదో కూలీల ప్రతినిధి వారే, స్వయంగా ఆయన ఒప్పుకున్నదే. అంటే రేపటి మీటింగులో కూలీల తరఫున కూర్చునేది ఆయనే.

అమెరికా ఆయన పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక, ఆ రోజు తెర మీద చూపించని సంగతి చెప్పారు. ఆ గని యజమాని పెట్టినట్టి కమిటీల్లో బల్లకు రెండు వైపులా కూర్చున్నది నిజానికి కంపెనీయేనట. చివరికి అక్కడి ప్రభుత్వమే చట్టం చేసి అలాంటివాటిని ఆపించిందట. "ఇంత బాహాటంగా రెండు వైపులా కూర్చున్న మేనేజర్‌ను మాత్రం మొదటిసారి చూస్తున్నాను" అన్నారు. మీటింగు మర్నాటికి వాయిదా వేశారు.

మేనేజర్ రారని పందేలు కాశారు. ఆయన వచ్చారు. ఎందుకు వచ్చారో నాకు తెలియదు. అమెరికా ఆయన చూస్తున్నారనో, కారం గురించి తన మాట నిలబెట్టుకోవాలనో. ఒకటి మాత్రం చెప్పగలను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కావాలని మావాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు, నేను ఏళ్ళ తరబడి మెత్తగా పైకి పంపాను. మేనేజర్ వంతు వచ్చిన రోజు మధ్యాహ్నానికే రెండు ఫ్యాన్లు బిగించేశారు. ఫైర్ సిలిండర్ పూలకుండీ పక్కనుంచి నడుచుకుంటూ వచ్చినట్టు హాలు గోడకు చేరింది.

ఆయన చొక్కా చేతులు మడిచి గోంగూర పప్పు వండారు. అడుగంటింది. అందరం ఒక్కో ముద్ద తిని చాలా బాగుందన్నాం. గరిటె చేత్తో పట్టుకుని చెమటలు కక్కుతున్న మనిషిని అమెరికా ఆయన అడిగారు: "కూలీల ప్రతినిధిగా చెప్పండి. ఈ వంటహాలు మూసివేయడానికి మీరు ఒప్పుకుంటున్నారా?"

మేనేజర్ గిన్నె వైపు చూశారు. చుట్టూ ఉన్న మమ్మల్ని చూశారు. "ఇవాళ్టికి లేదండీ" అన్నారు.

ఆ ఇవాళ్టి గడువు ఇంకా తీరలేదు. మెస్ రాలేదు. అన్నకు మెడికల్‌లో ఫిట్ అని వచ్చింది. ఆ రోజు హాల్లో అతను డాన్స్ చేశాడు. అంత పెద్ద మనిషి అలా గెంతుతుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కొడుకు చదువు ముగిశాక, ముద్ర లేకుండా, తనకు తానై ఇంటికి వెళ్ళిపోయాడు. కంపెనీ విషయానికొస్తే, కూలీల వంటశాలను కాపాడినందుకు ఏదో సంస్థ దానికి బహుమతి ఇచ్చింది. ఆఫీసు ముందు గదిలో మేనేజర్ గరిటెతో ఉన్న ఫొటో వేలాడదీశారు. మీలాంటి కొత్త పిల్లలకు దాన్ని చూపించి, మన కంపెనీ సంస్కృతి ఇదీ అని చెబుతారట.

అన్న ఇంకా అక్కడ ఉండగానే నా రిటైర్మెంట్ వచ్చింది. ఆఫీసులో కేకు కోయించి, నా గురించి ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదని మేనేజర్ పొగిడారు. నిజమే, నేనూ ఎన్నడూ ఎవరి మీదా ఏ ఫిర్యాదూ చేయలేదు. సాయంత్రం వంటహాల్లో నాకు వేరే సన్మానం. శాలువా లేదు, దండ లేదు. వంతు మా అన్నదే. వేడి రొట్టె చేతిలో పెట్టి నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఇన్నేండ్ల సంది తింటున్నరు. ఒక్కనాడన్న వంక వెట్టలేదు సారూ మీరు."

నేను నమిలాను. హాలంతా నా వైపే చూస్తోంది. మర్నాటికి నాకు ఉద్యోగం ఉండదు, బ్యాడ్జి ఉండదు, గేటు దగ్గర సెక్యూరిటీ వాణ్ణి బతిమాలి లోపలికి రావాలి. నాకు చపాతీ చేయడం కూడా రాదు. ఆ మనుషుల మధ్య ఒక్క రోజైనా నిలబడాలని అప్పుడు నాకెంతగా అనిపించిందో చెప్పలేను.

"ఉప్పు తక్కువైందన్నా" అన్నాను.

చప్పట్లతో హాలు అదిరిపోయింది. ఎలక్ట్రీషియన్ నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. నా ఉద్యోగ జీవితం మొత్తం మీద, మెత్తబరచకుండా పైకి చెప్పిన వంక అదొక్కటే. ఉప్పు సరిగ్గానే ఉంది.